సమన్లకు జవాబు ఇవ్వాలమ్మా

విజయవాడ

చి.ల.సౌ. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

బండి ఫైనాన్సు బాకీ మీద మీ ఇద్దరికీ కోర్టు సమన్లు వచ్చాయని నిన్న ఫోన్లో ఏడుస్తూ నువ్వు సగమే చెప్పావు, నేనూ సగమే చెప్పగలిగాను. అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికీ చదివి వినిపించు.

ముందు నీ భయం సంగతి. పోలీసులు రారమ్మా. ఇది సివిల్ దావా. డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు, అంటే డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని చట్టంలోనే ఉంది.

నా భయం వేరే. "బండి వాళ్లే పట్టుకుపోయారు, ఇన్నేళ్లయింది, ఏం చేస్తారులే" అన్నారట అల్లుడుగారు. బండి వేలంలో వచ్చిన సొమ్ము అప్పుకు చాలకపోతే మిగతాదానికి దావా వేస్తారు. నువ్వు జామీను సంతకం పెట్టావు కాబట్టి నీ మీదా వేశారు. ముందు ఆయన్ని అడిగి తర్వాత నన్ను అడగండి అనడానికి వీల్లేదు.

ప్లీడరు గారి దగ్గర గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ చూశాను, గెలవాల్సినవాళ్లు కూడా వాయిదాకి రాక ఓడిపోయారు. రాకపోతే మన వాదన వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. ఆ తర్వాత 12 ఏళ్ల లోపు ఎప్పుడైనా ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమనే పిటిషను వేసి నీ స్కూలు జీతంలో కొంత జప్తు చేయించుకోవచ్చు. కాబట్టి సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా పడాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు గానీ ఆ ఆశ మనకొద్దు. అందిన తేదీ ఇప్పుడే కవరు మీద రాసిపెట్టు.

ఇక అసలు సంగతి కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం. ప్రామిసరీ నోటు మూడేళ్లు నిండకముందే తిరగరాయించుకోవడం మనింట్లో నువ్వు చూసిందే. ఫైనాన్సు బాకీకీ సాధారణంగా ఆ మూడేళ్లే. వేలం 2019 డిసెంబరు మొదట్లో అయిందన్నావు. అక్కణ్ణుంచి లెక్కేసినా 2022 డిసెంబరుతో సరి. కానీ కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వెసులుబాటు వాళ్లకిచ్చినా గడువు 2024 నవంబరు దాటదు. దావా పడింది 2025లో. జవాబులో మొదట రావాల్సిన మాట ఇది.

అయితే ఒక్క సంతకం దీన్నంతా తారుమారు చేస్తుంది. గడువు లోపల బాకీ ఉన్నామని రాసిచ్చినా, కొంత కట్టి కాగితం మీద సంతకం చేసినా, అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వసూలుకొచ్చిన కుర్రాళ్లకి అల్లుడుగారు ఏమైనా రాసిచ్చారా? కోప్పడకుండా, పిల్లలు లేనప్పుడు అడుగు. ఇచ్చి ఉంటే లాయరు దగ్గర దాచకూడదు. ఆయన సంతకం నీ మీద కూడా పనిచేస్తుందా అన్నది వేరే వాదన, అది లాయరు చూసుకుంటారు. ఇప్పుడు మాత్రం ఎవరొచ్చి "ఐదువేలు కట్టండి, కేసు తీసేస్తాం" అన్నా కట్టొద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. కాలదోషం పట్టిన బాకీ అయినా కడతామని రాసిచ్చామంటే ఆ మాట చెల్లుతుంది.

బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. బండి ఎంతకి అమ్మారు, ముందు నోటీసు ఇచ్చారా, వడ్డీ ఏ లెక్కన వేశారు, ఇవన్నీ వాళ్ల చేత కోర్టులో చెప్పించాలి. న్యాయంగా తేలిన మొత్తం ఉంటే నా పెన్షన్లోంచి నేనూ సాయం పడతాను. లోక్ అదాలత్‌లో రాజీ అన్నా మంచిదే. కానీ అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు మీద అప్పీలు ఉండదు, అంకె చూడకుండా ఒప్పుకోవద్దు.

లాయరు ఫీజు గురించి దిగులొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

సోమవారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కండి. సమన్లతో వచ్చిన దావా కాపీ, కట్టిన వాయిదాల రసీదులు, బ్యాంకు పాసు పుస్తకం, బండి తీసుకెళ్లినప్పుడు ఇచ్చిన కాగితం పట్టుకురా. లాయర్ని పెట్టుకునే కాగితం, అదే వకాలత్ మీద ఇద్దరి సంతకాలూ కావాలి, అల్లుడుగారు సెలవు పెట్టి రావాల్సిందే.

మీ నాన్న