‘లైట్’, ‘స్ట్రాంగ్’ తప్ప మూడో మాటే లేదా?

ఎడిటర్ గారికి,

మొన్ననే 21 నిండి, తెలంగాణలో చట్టప్రకారం బీరు తాగే వయసొచ్చింది. మా కూకట్‌పల్లి వైన్స్‌లో ఏమేం రకాలున్నాయని అడిగితే “లైటా, స్ట్రాంగా? జల్దీ చెప్పు తమ్మీ” అన్నాడు.

గచ్చిబౌలి వైపు ఓ మైక్రోబ్రూవరీలో (బీరు అక్కడే తయారుచేసి అమ్మే చోటు) గోధుమ బీరు తాగితే అరటిపండు, లవంగం వాసన! ఎసెన్స్ కలిపారనుకున్నా. కాదట, అదంతా బీరును పులియబెట్టే ఈస్ట్ చేసే పని. బెల్జియం వాళ్ల గోధుమ బీరు ‘విట్’లోనైతే నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అమ్మ చారులో వేసే ధనియాలే! (ఈ సంగతి అమ్మకు చెప్పలేదు.) స్టౌట్ అనే నల్ల బీరుకు ఆ నలుపు మాడేలా వేయించిన బార్లీది. అది చూసి జడిశాను గానీ, 4 శాతం చిల్లర ఆల్కహాలుండే స్టౌట్‌లూ ఉన్నాయి. మన స్ట్రాంగ్ 8 దాకా పోతుంది.

మెనూలో మాత్రం శాతం లేదు. వెయిటర్ “సాఫ్టే సార్” అన్న గ్లాసుకే మెట్ల మీద కాళ్లు తడబడి, ఆటోలో ఇల్లు చేరాను. పేరు పక్కన ఆ ఒక్క అంకె వేయించండి.

– ఓ డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి, హైదరాబాద్