పదో తరగతి పిల్లల వివరాలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తున్నాయి?

సంపాదకులకు,

నెల్లూరు, ప్రకాశం, మార్కాపురం జిల్లాల హైస్కూళ్లలో పదో తరగతి నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పని మొదలైతే చాలు, పిల్లల ద్వారా ఇంటికి కబురు వెళ్తుంది: ఆధార్ జిరాక్సు, తల్లి బ్యాంకు పాసుబుక్కు, కుల ధ్రువీకరణ పత్రం, ఫోన్ నంబరు, ఫొటోలు రేపటికల్లా తేవాలి. ఎందుకని ఏ తల్లీ అడగదు. అడిగితే బిడ్డను పరీక్ష రాయనివ్వరేమోనని భయం. పరీక్షకు నిజంగా కావలసిన వివరాలేవో, మిగతావి ఎవరు ఎందుకు అడుగుతున్నారో తల్లిదండ్రులకు విడివిడిగా చెప్పాల్సిన బాధ్యత విద్యాశాఖది. ఆ పని జరగడం లేదు.

బడిలో తీసుకునే వివరాలు మూడు నాలుగు దారుల్లో పోతాయి. నామినల్ రోల్ ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్తుంది. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, మీడియం, ఫొటో, సంతకం, రెండు పుట్టుమచ్చలు అందులో ఉంటాయి. పుట్టుమచ్చలకూ కారణం ఉంది, ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకు కూర్చోకుండా చూడటానికి. రెండోది బడుల, విద్యార్థుల వివరాల కోసం కేంద్రం నడిపే పోర్టల్ యూడైస్ ప్లస్. అక్కడ మాతృభాష, సామాజిక వర్గం, దారిద్ర్యరేఖ, వైకల్యం, బ్లడ్ గ్రూపు, ఎత్తు, బరువు కూడా నింపాలి. మూడోది అపార్, అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే 12 అంకెల గుర్తింపు నంబరు. నాలుగోది తల్లికి వందనం లాంటి పథకాలు. బ్యాంకు ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం కావలసింది ఈ నాలుగోదానికే. నాలుగింటి కాగితాలనూ ఒకే కవర్లో, ఒకే రోజు, ఒకే బెదిరింపుతో అడగడంతో అన్నీ పరీక్ష కోసమేనని జనం అనుకుంటున్నారు.

చట్టం మాట ఇంకోలా ఉంది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని చెప్పింది. పిల్లల ఆధార్ నమోదుకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంది. ఆధార్ లేదన్న కారణంతో పిల్లలకు ఏ ప్రయోజనమూ ఆపకూడదని కూడా అంది. సముద్రతీర గ్రామాల్లోనూ, మెట్ట మండలాల్లోనూ యానాది గిరిజన కుటుంబాల పిల్లల్లో జనన ధ్రువపత్రం, ఆధార్ లేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి మన జిల్లాలకు ఆ మాట చాలా ముఖ్యం. అపార్ ఐచ్ఛికమేనని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. దాని సమ్మతి పత్రంలో, సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనీ, అప్పటికే వాడిన వివరాలకు మాత్రం అది వర్తించదనీ రాసి ఉంటుంది. ఆ వాక్యం చదివి వినిపించి సంతకం తీసుకునే బడులు ఎన్ని? కొన్నిచోట్ల పిల్లలే తండ్రి సంతకం పెట్టేస్తున్నారు, క్లాస్ టీచరుకు అది తెలిసే జరుగుతోంది. టీచర్లదే తప్పని మేము అనడం లేదు. సాయంత్రానికి ఇంత శాతం పూర్తి కావాలని పైనుంచి మెసేజీలు వచ్చి పడుతుంటే పాఠం చెప్పాల్సిన మనిషి ఏం చేస్తాడు?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే ధ్రువీకరించదగిన తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల కదలికలను గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం నిషేధం. ఈ బాధ్యత తప్పితే జరిమానా రూ.200 కోట్ల వరకు ఉంటుంది. సమ్మతి కోరే కాగితాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, అడగవచ్చు. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. అయితే ముఖ్యమైన బాధ్యతలు నోటిఫికేషన్ తర్వాత 18 నెలలకు గానీ, అంటే 2027 మే నాటికి గానీ, పూర్తిగా అమల్లోకి రావు. చదువు కోసం, పిల్లల భద్రత కోసం చేసే పరిశీలన విషయంలో విద్యాసంస్థలకు కొంత మినహాయింపు కూడా ఇచ్చారు. ఆ మినహాయింపు మరీ వదులుగా ఉందన్నది మా అభిప్రాయం. ఏది చదువు, ఏది వ్యాపారమో ఎవరు తేల్చాలి?

అసలు నష్టం పెద్ద సర్వర్లలో కంటే ముందు ఊళ్లోనే జరుగుతోంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫొటో పెట్టమంటారు. గ్రూపులో ఉన్న వాళ్లందరి ఫోన్లలో ఆ ఫొటో గ్యాలరీలోకి దిగుతుంది, పంపినవాళ్లు తర్వాత డిలీట్ చేసినా కాపీలు మిగిలిపోవచ్చు. వివరాలు ఎక్కించే గూగుల్ షీటును లింకు ఉన్న ఎవరైనా తెరిచేలా పెడతారు. ఇక నెట్ సెంటర్ సంగతి. అక్కడ డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్స్ ఫోల్డరులోనే ఉండిపోతుంది. దానికి పాస్‌వర్డ్ ఉందిగా అంటారు. ఆ పాస్‌వర్డ్ ఇంగ్లిషులో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైలు తీసిచ్చిన మనిషికి రెండూ తెలుసు. పని అయ్యాక ఫైలును డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. అవకాశం ఉన్నచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్సు ఇస్తే దాని మీద ఏ పని కోసం, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి ఇవ్వండి.

కనిగిరి, మార్కాపురం వైపు పనుల కోసం హైదరాబాదుకూ, మిరప కోతలకు గుంటూరుకూ వలస వెళ్లిన తల్లిదండ్రుల సమస్య వేరు. ఆధార్‌కు లింకైన ఫోన్ వాళ్ల దగ్గర ఉంటుంది, బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది. డిజిలాకర్ (ధ్రువపత్రాలు ఆన్‌లైన్లో దాచుకునే ప్రభుత్వ యాప్) ఖాతాకో, ఆధార్ డౌన్‌లోడుకో ఓటీపీ కావాలంటే బడి నుంచి ఫోన్ చేసి చెప్పమంటారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులూ బ్యాంకులూ మొత్తుకుంటుంటే, చెప్పే అలవాటును బడే నేర్పుతోంది. రేపు అదే గొంతుతో మోసగాడు ఫోన్ చేస్తే ఆ తల్లి ఎలా గుర్తుపడుతుంది? అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పండక్కి ఊరొచ్చినప్పుడు సంతకాలూ ఓటీపీలూ ఒకేసారి పూర్తిచేసేలా బడి తేదీలు పెట్టడం కష్టమేమీ కాదు.

పేర్ల తేడా మరో తలనొప్పి. అడ్మిషన్ రిజిస్టరులో షేక్ మస్తాన్ వలి, ఆధార్‌లో ఎస్‌కే మస్తాన్‌వలి అని ఉంటే అపార్ రాదు. అప్పుడు చాలామంది హడావిడిగా ఆధార్‌లో మార్పించేస్తారు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. కాబట్టి ముందు జనన ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని ఏ రికార్డులో తప్పుందో తేల్చుకోవాలి, ఆ రికార్డునే దిద్దించాలి. తొమ్మిదో తరగతిలోనే ఇది చేస్తే మంచిది. పదో తరగతి మార్కుల మెమో ముద్రించాక పేరు దిద్దించడం నెలల తరబడి తిరుగుడు. 15 ఏళ్లు నిండాక చేయించాల్సిన బయోమెట్రిక్ అప్‌డేట్‌ను, ఆ వయసు వచ్చినవాళ్లకు, అప్పుడే చేయించవచ్చు. బ్లడ్ గ్రూపు తెలియకపోతే తెలియదనే చెప్పండి. గడి నింపడానికి నోటికొచ్చింది రాస్తే ఆ తప్పు బిడ్డ రికార్డులో ఉండిపోతుంది.

కంప్యూటర్ పాఠం పేరుతో ప్రతి పిల్లవాడి చేతా సొంత ఈ-మెయిల్ ఖాతా తెరిపించడం అవసరం లేదు. 13 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల పర్యవేక్షణ లేకుండా సొంతంగా గూగుల్ ఖాతా పెట్టుకోకూడదు. దాంతో ఆరు, ఏడు తరగతుల్లో పుట్టిన సంవత్సరం తప్పుగా వేయిస్తున్నారు, పాస్‌వర్డ్ అందరికీ ఒకటే పెడుతున్నారు. ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ స్క్రీన్) ఉన్న గదిలో టీచరు లాగిన్‌తోనే పాఠం మొత్తం చూపించవచ్చు.

అన్నిటికంటే ఎక్కువగా బాధించేది టాలెంట్ టెస్టులు. ప్రైవేటు జూనియర్ కాలేజీల వాళ్లు బడి వేళల్లోనే వచ్చి పరీక్ష పెడతారు. పేపరు పైన పేరు, ఊరు, తండ్రి వృత్తి, రెండు ఫోన్ నంబర్లు రాయిస్తారు. క్లాసులో పెట్టారు కాబట్టి అదీ తప్పనిసరేనని పిల్లలు అనుకుంటారు. పబ్లిక్ పరీక్షలు కాకముందే ఆ కాలేజీలకు పిల్లలను చేర్పించే పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి: మీవాడికి ఫీజులో రాయితీ వచ్చింది, ఈ వారంలోనే సీటు ఖాయం చేసుకోవాలి అని. చదువుకోవాల్సిన రోజుల్లో ఇంట్లో ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నెల్లూరు, ఒంగోలు తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఇలాంటి పరీక్షలను బడిలోకి రానివ్వకూడదు.

తమ బడి ఏ సంస్థకు, ఏ యాప్‌కు పిల్లల వివరాలు ఇచ్చిందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. 30 రోజుల్లో జవాబు రావాలి. పిల్లల పేర్లు అడగకండి, అవి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఒప్పందం కాపీ, పంచుకున్న వివరాల రకాలు, అవి ఎన్నాళ్లు ఉంచుతారు, ఈ మూడూ అడగండి.

ఈ జిల్లాల విద్యాశాఖాధికారులు పరీక్షకు, యూడైస్‌కు, అపార్‌కు, పథకాలకు వేర్వేరు తెలుగు పత్రాలు ఇప్పించాలి. వద్దు అనే గడి కూడా ప్రతి పత్రంలో ఉండాలి. మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు తల్లిదండ్రులు ఎలాగూ బడికి వస్తారు, ఆ రోజే చదివి వినిపించి సంతకాలు తీసుకోవచ్చు. ప్రభుత్వ పరీక్షల విభాగానికి ఇంకొక విన్నపం. ఫలితాల రోజు హాల్‌టికెట్ నంబరు ఒక్కటి కొడితే మార్కులు వచ్చేస్తున్నాయి. నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి పక్క బెంచీ పిల్ల ఎందులో ఫెయిలైందో ఊరంతా ఆమె కంటే ముందే చూస్తున్నారు. నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా అడిగేలా ఆ పేజీని వచ్చే ఫలితాలలోపే మార్చాలి. బయటి వెబ్‌సైట్లకు ఫలితాలు ఇస్తే ఇదే షరతు మీద ఇవ్వాలి.

ఇట్లు,
కొందరు హైస్కూలు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు,
కావలి, ఒంగోలు