తనిఖీలో దొరికిన సొట్టను వార్తగా రాసేటప్పుడు

సంపాదకులకు,

అయ్యా,

గమ్యం చేరిన విమానాన్ని మామూలుగా తనిఖీ చేస్తుండగా దానికి దెబ్బ తగిలినట్లు బయటపడిందన్న వార్త ఎప్పుడు వచ్చినా, దాని మీద ‘తప్పిన పెను ప్రమాదం’ అన్న శీర్షికే కనిపిస్తోంది. విమానాల నిర్వహణ విభాగంలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. అలాంటి వార్తలు పాఠకుణ్ని భయపెట్టి ఊరుకుంటున్నాయే గానీ అడగవలసిన ప్రశ్న అడగడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

విమానం ఆగి, చక్రాలకు అడ్డుదిమ్మెలు పడి, ఇంజన్లు ఇంకా చల్లారకముందే ఒక మనిషి టార్చి పట్టుకొని దాని చుట్టూ నడవడం మొదలుపెడతాడు. పక్షి తగిలిన చోట ఎండిన నెత్తురు, టైరులో కోత, చక్రాల కాళ్ల మీద జారిన హైడ్రాలిక్ నూనె చార, ఫ్యాన్ బ్లేడు అంచున వేలికి తగిలే చిన్న గరుకు, ఇవన్నీ అతను వెతికేవే. ఒక్కో ప్రయాణికుల విమానానికి సగటున ఏడాదికొకసారి పిడుగు తగులుతుంది. లోపల కూర్చున్నవారికి ఒక మెరుపు, ఒక చప్పుడు తప్ప మరేమీ తెలియకపోవచ్చు. కింద వెతికేవాడికి మాత్రం రివెట్టు తల పక్కన పెన్సిలు మొనతో పొడిచినంత కాలిన చుక్క దొరుకుతుంది. అది పిడుగు లోపలికి వచ్చిన చోటైతే, బయటికి పోయిన చోటు రెక్క చివరో తోక అంచునో దొరికేదాకా వెతకవలసిందే. సొట్ట కనిపిస్తే దాని పొడవు, వెడల్పు, లోతు కొలిచి, తయారీదారు నిర్ణయించిన హద్దులతో పోల్చి చూస్తారు. హద్దులో ఉంటే రికార్డులో రాసుకుంటారు, దాటితే విమానాన్ని కదలనివ్వరు. కాబట్టి దెబ్బ బయటపడిందంటే ఆ మనిషి తన పని చేశాడని అర్థం.

అయితే కంటికి కనిపించని దెబ్బలూ ఉంటాయి. బోయింగ్ 787 వంటి విమానాల బరువులో దాదాపు సగం కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థాలదే. లోహానికి దెబ్బ తగిలితే సొట్ట మిగులుతుంది. మిశ్రమ పదార్థం మాత్రం పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. అలాంటప్పుడు దెబ్బ తగిలిందని తెలిసినవారు నోరు విప్పడమే ఆధారం. లోహపు విమానాల్లోనూ మౌనం ఎంత పని చేస్తుందో 2005 డిసెంబరు 26న సియాటిల్‌లో చూశాం. అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎం.డి.-83 విమానానికి నేలమీద సామాన్లు ఎక్కించే వాహనం తగిలింది. ఆ సంగతి వెంటనే ఎవరికీ చెప్పలేదు. విమానం సుమారు 26 వేల అడుగుల ఎత్తుకు చేరాక ఆ చోట దాదాపు అడుగు పొడవున రంధ్రం పడి, లోపలి గాలి ఒత్తిడి పడిపోయింది. అదృష్టవశాత్తూ విమానం క్షేమంగా తిరిగొచ్చింది.

తెలిసిన దెబ్బకు సరిగా మరమ్మతు చేయకపోవడం ఇంకా ఘోరం. 1978లో ఒసాకాలో దిగుతూ తోక నేలకు రాసుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747కు వెనుక ఒత్తిడి గోడను (లోపలి గాలి ఒత్తిడిని తోకవైపు ఆపే గోడను) తప్పుగా అతికారు. ఏడేళ్లకు, 1985 ఆగస్టు 12న ఆ అతుకే తెగి 520 మంది చనిపోయారు. 1980లో అదే రకంగా దెబ్బతిన్న చైనా ఎయిర్‌లైన్స్ 747కు గీతలు పడిన రేకును కోసి తీసేయకుండా, దానిమీదే మరో రేకు బిగించారు. ఆ రేకు చాటున పగుళ్లు 22 ఏళ్లు పెరిగి, 2002 మే 25న విమానం గాలిలోనే ముక్కలై 225 మందిని బలిగొంది. ఆ రేకు అంచుల వెంట, లోపల ప్రయాణికులు తాగిన సిగరెట్ల పొగ పగుళ్లలోంచి బయటికి కారిన గోధుమరంగు మరకలు ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకిప్పటికీ మనసు వికలమవుతుంది.

నా ఉద్యోగంలో ఒక రాత్రి, సామాన్ల తలుపు కింద అరచేతిలో సగమంత సొట్ట, దాని మీద రంగు లేచిన చార కనిపించాయి. ఎవరు చేశారో తెలియక కొలతలు తీస్తుంటే, సామాన్ల బండి నడిపే కుర్రవాడు దగ్గరికొచ్చి, ‘సార్, నేనే తగిలించాను, సాయంత్రమే చెప్పాల్సింది’ అన్నాడు. ఆ ఒక్క మాటతో బండి ఏ కోణంలో తగిలిందో తెలిసి, లోపల రేకుకు ఆసరాగా ఉండే పక్కటెముకలాంటి చట్రాన్ని కూడా చూశాం. అది వంగి ఉంది. మర్నాడు అతనిపై చర్య తీసుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం మా దగ్గరికి వచ్చి తప్పు చెప్పుకున్నవారు లేరు.

అందుకే నిజాయితీగా చెప్పినవారిని కాపాడి, కావాలని దాచినవారిని మాత్రమే శిక్షించే పద్ధతిని ప్రతి సంస్థా పాటించాలని కోరుతున్నాను. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భద్రతా నిర్వహణ నిబంధనలు, అంటే 19వ అనుబంధం, స్వచ్ఛందంగా నివేదించే ఏర్పాటు ప్రతి దేశంలోనూ ఉండాలంటోంది. ప్రయాణికులూ సంకోచించకూడదు. 1988 ఏప్రిల్ 28న పైకప్పు ఎగిరిపోయిన అలోహా ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసి, ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్లారు.

తమ పత్రికను కోరేదొక్కటే. ఈసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఆ దెబ్బ ఎప్పుడు తగిలింది, అంతకుముందు దాన్ని ఎవరైనా చూసి ఊరుకున్నారా, మరమ్మతు ఏ ప్రమాణం ప్రకారం చేశారు అన్న మూడు సంగతులు అధికారులను అడిగి, వారిచ్చిన జవాబులను శీర్షిక కిందనే ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత విమాన నిర్వహణ ఇంజనీరు