గరిష్ఠ సామర్థ్యం కాదు, ఏడాది సగటు చెప్పండి

సంపాదకులకు,

సముద్రపు అలల నుంచి విద్యుత్తు తీసే తేలియాడే యంత్రాలపై వార్త వచ్చినప్పుడల్లా వాటి గరిష్ఠ సామర్థ్యమే శీర్షికకెక్కుతోంది. ప్రయోగశాల తొట్టెలో ఒకే ఎత్తున, ఒకే వ్యవధిలో వచ్చే అలలకు ఆ అంకె సరిపోవచ్చు గానీ, నడిసంద్రంలో వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే చిన్నా పెద్దా అలలు కలగలిసి ఉంటాయి కనుక, యంత్రం ఊగే తీరు వాటితో జత కుదిరి పూర్తి విద్యుత్తు వచ్చేది కొద్దిసేపే. పైగా అల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది; మామూలు రోజుల్లో అరకొరగా పనిచేసే యంత్రమే తుపాను రోజున విపరీతమైన తాకిడిని తట్టుకోవాలి. పోర్చుగల్ తీరంలో 2008లో నెలకొల్పిన ఒక్కోటి 750 కిలోవాట్ల ‘పెలామిస్’ అనే అలల విద్యుత్ యంత్రాలు మూడింటినీ కొద్ది నెలలకే ఒడ్డుకు చేర్చారు (డబ్బు చిక్కులూ ఒక కారణమే). ఐఐటీ మద్రాసు 2022 నవంబరులో తూత్తుకుడి వద్ద దించిన ఇలాంటి యంత్రం సింధుజ-1 ఉత్పత్తి 100 వాట్లు. అంత చిన్న అంకెను దాచకుండా చెప్పడం మెచ్చుకోదగినది.

మన తిరుపతి జిల్లాకూ దుగరాజపట్నం వైపు తీరం ఉంది. పడవల అడుగున గుల్లలు పేరుకున్నట్టే ఈ యంత్రాలకూ, లంగరు గొలుసులకూ పేరుకుని బరువు పెంచుతాయి. ఇక్కడ ఎవరైనా ఇలాంటి పథకం ప్రతిపాదిస్తే, సముద్రంలో ఏడాది పొడవునా కొలిచిన సగటు ఉత్పత్తిని, ఈశాన్య రుతుపవన కాలంలో యంత్రం ఆగిపోయిన రోజులను విడివిడిగా ప్రకటించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి