స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబరు 18న జరిగిన రిఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) కామన్వెల్త్ పౌరుడిగా గ్లాస్గోలో నేనూ ఓటు వేశాను. ఎటు వేశానో ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. దేశం మొత్తం మీద 55.3 శాతం స్వాతంత్ర్యం వద్దన్నారు గానీ, 53.5 శాతం కావాలన్న మా ఊళ్లో మాత్రం ఓడినవాళ్లే ఎక్కువ. మా ఎదురెదురు వాటాల్లో ఒక కిటికీకి 'ఎస్', ఇంకోదానికి 'నో థాంక్స్' కాగితాలుండేవి; అవి ఎప్పుడో ఊడిపోయినా, ఆ రెండిళ్ల పలకరింపు ఇప్పటికీ వాన కబుర్లు దాటదు. 2016లో స్కాట్లాండ్ ఓటర్లలో 62 శాతం మంది ఐరోపా సమాఖ్యలో ఉంటామన్నా, బ్రిటన్‌తో పాటు బయటికి రావలసి రావడం ఆ పుండు మీద కారం చల్లింది. వెస్ట్‌మినిస్టర్ (బ్రిటన్ పార్లమెంటు) ఒప్పుకోకుండా మళ్లీ రిఫరెండం పెట్టలేరని 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేసింది కనుక, తేదీల ఆశ చూపించడం మాని, ఉన్న దారేమిటో ఇరుపక్షాలకూ దాపరికం లేకుండా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
గ్లాస్గోలో స్థిరపడిన ఒక తెలుగువాడు