యాత్రకు వస్తావు కదూ

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కలం పట్టలేకపోయాను. "తమ్ముడికి కుండలిని లేచిందేమో, బిళ్లలు మింగించి దాన్ని అణిచేస్తున్నారేమో" అని రాశావు. వాడి మీద ప్రేమతోనే రాశావని తెలుసు. మొదట్లో మేమందరం అలాగే అనుకున్నాం. అందుకే జరిగిందంతా చెబుతాను, ఓపిగ్గా చదువు.

వాడు జపం మొదలుపెట్టింది పరీక్ష పోయాక. నలభై రోజుల దీక్ష అన్నాడు. ఒంటిపూట భోజనం, తెల్లవారుజామున మూడింటికి చన్నీళ్ల స్నానం. మేమంతా మురిసిపోయాం. మూడో వారానికి నిద్రే మానేశాడు, రాత్రంతా మేడ మీద నడక. మా ఊరి అమ్మవారు బుడి ఠాకురాణి తనతో మాట్లాడుతోందన్నాడు. అప్పటికీ మాకు భయం వెయ్యలేదు. ఈ ఊళ్లో అమ్మవారు మాట్లాడటం వింతేమీ కాదు కదా. ఆ తర్వాత టీవీలో వార్తలు చదివే అమ్మాయి తన గురించే చెబుతోందన్నాడు. అన్నంలో ఏదో కలిపారని అమ్మ వడ్డించిన కంచం విసిరికొట్టాడు. ఆ చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉందిరా.

నాన్న ముందు గుణియా దగ్గరికే, అంటే భూతవైద్యుడి దగ్గరికే తీసుకెళ్లారు. తాయెత్తులు, వేపమండలతో దెబ్బలు. నెలన్నర అలా పోయింది. ఇలాంటి జబ్బుకి వైద్యం ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుందని తర్వాత తెలిసి, నాన్న ఒక పూటంతా అరుగు మీద మాటాపలుకూ లేకుండా కూర్చుండిపోయారు.

చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు ఒడియా ఆవిడ, తెలుగు బాగా మాట్లాడతారు. దేవుడున్నాడా లేడా అన్న మాటే ఎత్తలేదు. ఎన్ని గంటలు పడుకుంటున్నాడు? తింటున్నాడా? ఆ మాటలు వింటే వాడికి ఊరటగా ఉంటుందా, భయమేస్తుందా? పిలిస్తే ఈ లోకంలోకి వస్తున్నాడా? చివరగా, "మీ వీధిలో భక్తులకి ఇది మామూలుగా అనిపించిందా?" అని అడిగారు. అమ్మ ఏడ్చేసింది. ఎవరికీ అనిపించలేదు మరి.

మా దొడ్డమ్మ సంగతి నీకు తెలుసుగా. ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటం మా వీధిలోకి రాగానే పూనకం వస్తుంది, పసుపునీళ్లు చల్లితే దిగుతుంది, గంట తిరక్కుండా పొయ్యి దగ్గర కూర్చుని అందరికీ పకోడీలు వేస్తుంది. అది జబ్బు కాదన్నారు డాక్టరు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక, ఐసీడీ-11లోనూ అలాగే ఉందట. మతాచారంలో భాగంగా నలుగురూ ఒప్పుకునే పూనకాన్ని జబ్బుల్లో కలపరు. మనిషికి ఇష్టం లేకుండా వచ్చి, బాధపెట్టి, బతుకు నడవనివ్వనప్పుడే జబ్బంటారు.

సైకియాట్రీ వాళ్లకి భక్తంటే పిచ్చే అని రాశావు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. మతాచారాలు మనిషిని వదలని అబ్సెషన్ లాంటివని మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1907లోనే రాశాడు. కానీ 1994లో అమెరికా సైకియాట్రిస్టులు తమ మానసిక జబ్బుల పట్టిక డీఎస్ఎం నాలుగో కూర్పులో 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అని వేరే పద్దు పెట్టారు. లూకాఫ్, లూ, టర్నర్ అనే ముగ్గురు దాన్ని ప్రతిపాదించారు. నమ్మకం సడలి మనిషి నలిగిపోతుంటే అది జబ్బు కాదు, అయినా డాక్టరు కూర్చుని వినాల్సిన విషయమే అని దానర్థం.

ఇది విన్నాక నాకు అమ్మ గుర్తొచ్చింది. తమ్ముడు మందులకి తేరుకుంటుంటే అమ్మ పూజగది తలుపు తియ్యడం మానేసింది. "తల్లి వాడితో మాట్లాడలేదంటే, ఇన్నేళ్లూ నాతో మాట్లాడింది ఎవర్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తమ్ముడికి వచ్చింది జబ్బు, ఆధ్యాత్మిక సంక్షోభం వచ్చింది అమ్మకి. ఇన్నాళ్లూ మనం తారుమారుగా చూశాం బావా. డాక్టరు అమ్మకి ఒక్క బిళ్ల కూడా రాయలేదు. అరగంట సేపు ఆమె చెప్పింది విన్నారంతే.

గుళ్లని ఆవిడ తీసిపారెయ్యలేదు కూడా. తమిళనాడులో ఒక గుడికి బాగవ్వడానికి వచ్చిన 31 మందిని బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు గమనించి 2002లో రాశారట. సగటున ఆరు వారాలు అక్కడున్నాక లక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయి. ప్రత్యేకంగా పూజలేమీ చెయ్యలేదు. కొట్టనివాళ్ల మధ్య, భయపెట్టని చోట ఉన్నారు. మా వాడికి గుణియా దగ్గర దొరకంది అదే. అలాగని బిళ్లలు ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుందని ఆవిడ గట్టిగానే చెప్పారు. పొద్దున జపం చేసుకోనిచ్చారు, ఉపవాసాలూ జాగారాలూ మాత్రం వద్దన్నారు.

ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఒళ్లు బాగా వచ్చింది, మాట కాస్త నెమ్మదించింది. చైత్రంలో యాత్ర ఉంది, వేషం కడతానని మొక్కుకున్నాడు. డాక్టరు సరేనన్నారు, పదింటికల్లా ఇంటికొచ్చి బిళ్ల వేసుకుని పడుకోవాలని షరతు. నువ్వు రా బావా. ఒక్క రాత్రి వాణ్ణి నువ్వు ఇంటికి చేర్చి బిళ్ల వేయించు. ఆ రాత్రి నేను, యాత్రలో ఠాకురాణి కొలువుండే దేశిబెహరా వీధికి అమ్మను తీసుకెళ్తాను. ఒక్కదాన్నీ వెళ్లనంటోంది.

నీ
బావ