హాలోవీన్ రాత్రి భయపడాల్సింది రోడ్డుకే

సంపాదకుడు గారికి,

అక్టోబరు 31న హాలోవీన్ పండుగ. ఆ సాయంత్రం పిల్లలు రకరకాల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగి తెచ్చుకుంటారు. అది దగ్గరపడేసరికి అమెరికాలోని మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో హెచ్చరికలు మొదలవుతాయి. చాక్లెట్లలో సూదులుంటాయట, విషం ఉంటుందట. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరై, ఏటా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కూతురింటికి వచ్చి వెళుతుండే నాకు మాత్రం భయం వేరే చోట ఉంది.

కిందటేడాది మనవణ్ని, మనవరాలిని ఇల్లిల్లూ తిప్పే పని నాకు అప్పగించారు. చిన్నప్పుడు దసరాకు పంతులుగారి వెంట పప్పుబెల్లాలకు తిరగడం గుర్తొచ్చి సరదాపడ్డాను. కాకపోతే మేం తిరిగింది పగలు, వీధిలో ఎడ్లబండి తప్ప మరేదీ వచ్చేది కాదు. ఏడేళ్ల మనవడిది గబ్బిలం వేషం. తల నుంచి కాళ్ల దాకా నలుపే, పైగా మాస్కు కళ్ల మీదికి జారుతోంది. వాకిట్లో దీపం వెలుగుతున్న ఇంటికే వెళ్లాలన్నది ఇక్కడి పద్ధతి. ఎదురింట్లో దీపం కనిపించగానే వాడు నా చెయ్యి లాగాడు. నేను అలవాటు కొద్దీ కుడివైపు చూసి, బండేదీ లేదని రోడ్డు మీదికి దిగాను. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి, మొదట వచ్చేది ఎడమ నుంచి! కారు మూరెడు దూరంలో ఆగింది. దిగిన మనిషి చేతులు వణుకుతున్నాయి. పిల్లవాడు కనిపించనే లేదన్నాడు. నేను నమ్మాను. మసక చీకట్లో నల్లబట్టల మనిషి మీద పడేదాకా కనిపించడని స్టీరింగ్ పట్టిన ఎవరికైనా తెలుసు.

1974లో టెక్సాస్‌లోని డీర్ పార్క్‌లో ఎనిమిదేళ్ల బాలుడు సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజం. ఆ విషం కలిపింది బీమా డబ్బుకు ఆశపడ్డ కన్నతండ్రి. డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ గాలించినా, ముక్కూమొహం తెలియనివారు పంచిన మిఠాయితో ఏ పిల్లవాడూ చనిపోయిన దాఖలా దొరకలేదు. రోడ్డు సంగతి అలా కాదు. 1975 నుంచి 2016 దాకా అమెరికా ప్రమాదాల లెక్కలు తీస్తే, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు ముందు వారం, తరవాతి వారం సాయంత్రాలకన్నా 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే ముప్పు పదింతలు. ఎడిసన్‌లో ఆ రోజు ఆరు గంటలకే పొద్దుగూకుతుంది. ఆఫీసుల నుంచి కార్లు ఇళ్లకు తిరిగొచ్చేదీ అప్పుడే.

చిరిగిన పొట్లాలు పారేయండి, పసివాళ్లకు వేరుశనగలు, గట్టి మిఠాయి బిళ్లలు పెట్టకండి. అంతవరకు చాలు. మిగిలిన శ్రద్ధ వీధి మీద పెట్టాలి. బతుకమ్మ, దీపావళి వేడుకలు జరిపే తెలుగు సంఘాలు ఆ వేదికల మీద సన్మానాల్లో ఒకటి తగ్గించి, వెలుగు పడితే మెరిసే టేపు, చిన్న టార్చిలైటు పిల్లలకు పంచవచ్చు. ఊరి నుంచి వచ్చిన తాతలకు, అమ్మమ్మలకు ఇక్కడ రోడ్డు దాటడం ఎలాగో నడిపించి చూపాలి. నాకెవరూ చూపలేదు. కార్లు నడిపే మన పిల్లలు ఆ రెండు మూడు గంటలు కాలనీలోకి నత్తనడకన రావాలి.

ఈసారి మావాడు నల్లచిరుత వేషం కావాలంటున్నాడు. మెరిసే టేపు తోకకు మాత్రమే అంటించనిస్తానంటున్నాడు. వీపు మీద కూడా ఉండాలని నేను. బేరం ఇంకా తెగలేదు.

ఇట్లు,
ఒక తాత, ఎడిసన్, న్యూజెర్సీ